ఒక్క పేజీ రాజకీయం

మాడిసన్, విస్కాన్సిన్
2 నవంబరు 2023

అన్నయ్యా,

మా ఆయన అంత్యక్రియలకి ఏడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చావు. చర్చిలో చివరి బెంచీలో కూర్చున్నావు. లోవెల్ గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, ఉడికించిన పందిమాంసం హామ్ నా ఫ్రిజ్‌లో పెట్టి, చీకటి పడకముందే వెళ్ళిపోయావు. ఇక్కడి నా స్నేహితులు "మీ అన్నయ్యకి ఒంట్లో బాగుండలేదా?" అని అడిగారు. బాగానే ఉంది, ఆయన మినెసోటా పల్లెటూరి మనిషి, ఆయన ఏడిస్తే అలాగే ఉంటుందని చెప్పాను.

నీకొక సంగతి చెప్పాలి. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, చెప్తే నవ్వరు. లోవెల్ ఆఖరి రోజుల్లో ఆసుపత్రి గదిలోకి ఒక పిల్ల వచ్చింది. రోగులకి పాటలు పాడి వినిపించడానికి స్వచ్ఛందంగా వస్తుందట. పాడే ముందు జేబులోంచి కాగితం తీసి చదివింది. "మనం ఉన్న ఈ నేల ఆదివాసులది, వాళ్ళ దగ్గర లాక్కున్నది, ఆ సంగతి మనం గుర్తు చేసుకుందాం" అని. చావబోయే మనిషి మంచం పక్కన నిలబడి, అన్నయ్యా. లోవెల్ కళ్ళు తెరిచాడు. ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి, "నిజమేనమ్మా. ఈ మంచం రెండ్రోజుల్లో ఖాళీ చేస్తున్నానని వాళ్ళకి చెప్పు" అన్నాడు.

ఆ పిల్లకి ఇది రాసుకోవాలో వద్దో తెలియలేదు. మేమిద్దరం పగలబడి నవ్వాం. నర్సు పరిగెత్తుకొచ్చింది. ముప్ఫై ఏళ్ళు బళ్ళో చరిత్ర పాఠం చెప్పినవాడు, ఆ లాక్కోవడం గురించి ఆ పిల్ల పుట్టకముందే పిల్లలకి చెప్పినవాడు. తరవాత మళ్ళీ నవ్వలేదు. రెండ్రోజులన్నాడు, ఒకటిన్నర రోజుకే ఖాళీ చేశాడు.

ఇది నా స్నేహితులకి చెప్తే "పాపం ఆ పిల్ల నొచ్చుకుందా?" అని అడుగుతారు. నువ్వైతే నవ్వుతావు. అందుకే నీకు రాస్తున్నాను. ఇది నీకు మాత్రమే.

ఇక రూలు ప్రకారం నా ఒక్క పేజీ రాజకీయం. ఏడేళ్ళ కిందట ఫోన్లు విసిరేసుకున్నాక, ఉత్తరాలే రాసుకుందాం, ఒక పేజీ రాజకీయం, మిగతాదంతా మనుషుల సంగతి అని పెట్టుకున్న రూలు ఇద్దరం ఎంత బుద్ధిగా పాటిస్తున్నామో చూడు. ఇంతకీ మీ పార్టీ వాళ్ళు దిగువ సభకి సభాపతిని ఎన్నుకోలేక మూడు వారాలు కొట్టుకు చచ్చారు. సభనే నడపలేనివాళ్ళు దేశాన్ని నడుపుతారా? సమాధానం చెప్పు.

నీ వారపత్రిక కాలమ్ ఈసారైనా పంపు. అడిగినప్పుడల్లా "చేపలు చుట్టుకునే కాగితం, నీకెందుకు" అంటావు. నేనూ చేపలు తింటాను.

ప్రేమతో,
ఆర్డిస్

విగ్డాల్, మినెసోటా
20 నవంబరు 2023

చెల్లీ,

లోవెల్ బావ మాట చదివి వంటగదిలో ఒక్కణ్ణే కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ మనిషి జీవితమంతా తప్పుడు పార్టీకి ఓటేశాడు గానీ చావు మాత్రం సరైన పార్టీలో చచ్చాడు. ఇది మెచ్చుకోలే, కోపం తెచ్చుకోకు.

నా పేజీ. సభాపతి లేని మూడు వారాలూ ఈ దేశం చాలా సుఖంగా ఉంది. ఒక్క కొత్త చట్టం రాలేదు, ఒక్క కొత్త పన్ను రాలేదు. నన్నడిగితే క్రిస్మస్ దాకా పొడిగించమనేవాణ్ణి. ఇక వచ్చే ఏడాది మన నెత్తిన కూర్చోవడానికి పోటీపడేవాళ్ళు ఇద్దరూ ఎనభై చుట్టూ తచ్చాడుతున్నవాళ్ళే. మన ఊళ్ళో ఆ వయసు మనిషి చేతికి కోతమిషను తాళం ఇవ్వరు. కొడుకు మెల్లగా పక్కన చేరి, "నాన్నా, ఈ ఏడు నువ్వు లారీ దగ్గర నిలబడితే చాలు" అంటాడు. ఇంత పెద్ద దేశానికి అలాంటి కొడుకు ఒక్కడు లేడు. మీ వాళ్ళేమో మా ఊరి మీద దయ తలచి, ధాన్యం గోదాముల పక్కన విద్యుత్ కార్లకి కరెంటెక్కించే స్తంభం నాటారు. ఇంతవరకు దాన్ని కుక్కలు తప్ప ఎవరూ వాడలేదు.

పేజీ అయిపోయింది. ఇప్పుడు మనుషుల సంగతి.

మన లైబ్రరీ మిసెస్ ఓస్బీ మార్చిలో మానేస్తోంది. మోకాళ్ళు. వారానికి నాలుగు రోజుల పని. నువ్వు ముప్ఫై ఒక్క ఏళ్ళు యూనివర్సిటీ లైబ్రరీ నడిపావు. ఆ ఇంట్లో ఒక్కదానివీ ఏం చేస్తావు? ఇక్కడికి వచ్చెయ్. నాకు రెండు వీధుల అవతల హాగెన్ వాళ్ళ చిన్న ఇల్లు ఖాళీగా ఉంది. మీ వదిన డెలోరిస్ పోయిన దగ్గర్నుంచి పొద్దున కాఫీ తాగుతూ పోట్లాడటానికి నాకు రేడియో తప్ప ఎవరూ లేరు. రేడియో తిరిగి ఏమీ అనదు.

చేపల కాగితం సంగతి వదిలెయ్. నువ్వు చదివితే పళ్ళు నూరుకుంటావు.

నీ అన్న,
ఆరిన్

మాడిసన్
10 డిసెంబరు 2023

అన్నయ్యా,

నువ్వు "వచ్చెయ్" అని రాసిన వాక్యం నాలుగుసార్లు చదివాను. అరవై ఎనిమిదేళ్ళలో నువ్వు నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.

వస్తాను. దరఖాస్తు పంపేశాను. నిజం చెప్పనా, ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాను. లోవెల్ కళ్ళజోడు ఇంకా రేడియో మీదే ఉంది, తీయబుద్ధి కావటం లేదు. అగ్నిమాపక కేంద్రం పైఅంతస్తులో ఆ లైబ్రరీ గుర్తుందా? మంట గంట మోగితే పుస్తకాలన్నీ వణికేవి. నేను చదవడం నేర్చుకున్నది అక్కడే. నాకు వేరే ఉద్యోగం వద్దు, ఆ గది కావాలి. అక్కడ ఒక పిల్లకి ఒక పుస్తకం చేతికిచ్చి, తరవాత ఏం చదవాలో చెప్తే చాలు. ఆ పుస్తకం ఏ పార్టీదో నేను చూడను. నువ్వు నమ్మవుగానీ, ముప్ఫై ఒక్క ఏళ్ళు అలాగే చేశాను.

లైబ్రరీ బోర్డులో ఐదుగురూ నీకు తెలిసినవాళ్ళే. క్లిఫర్డ్ రూడ్ ఇంకా అధ్యక్షుడేనట కదా. నా తరఫున ఒక మాట చెప్పు. జోకులు వెయ్యకు. ఒక్కసారికి మామూలుగా, మనిషిలా మాట్లాడు.

రాజకీయం పేజీ ఈసారి రాయను. సంతోషంగా ఉన్నప్పుడు రాజకీయం గుర్తు రాదని ఇప్పుడే తెలిసింది. నా పేజీ నువ్వే వాడుకో.

ప్రేమతో,
ఆర్డిస్

విగ్డాల్
22 జనవరి 2024

చెల్లీ,

నీకు చేదు కబురు. బోర్డు నీకు ఇవ్వలేదు. ఫుట్‌బాల్ కోచ్ భార్యకిచ్చారు. ఆ అమ్మాయి పుస్తకాలు రంగుల ప్రకారం సర్దుతానని చెప్పిందట. మంచి పిల్లే, చదవదు, అంతే.

నేను చెప్పాల్సింది చెప్పాను. సమావేశానికి వెళ్ళాను. ఉత్తరం కూడా రాసిచ్చాను. వాళ్ళందరూ తల ఊపారు. క్లిఫర్డ్ "మీ చెల్లెలు కొంచెం వేరు రకం మనిషి కదా" అన్నాడు. మన ఊళ్ళో ఎవరైనా ఒకదాన్ని "కొంచెం వేరు" అన్నారంటే అది ఊరి పొలిమేర దాటాల్సిందేనని నీకు నేను చెప్పక్కర్లేదు. తరవాత కాఫీ తాగాం. ఎవరూ ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

కాలం అలా ఉంది, ఆర్డిస్. పుస్తకాలంటే జనం బెదిరిపోయి ఉన్నారు. దీనికి కారణం మీ వాళ్ళే. పదేళ్ళ పిల్లాడి చేతికి పాఠం పేరుతో ప్రతి చెత్తా ఇచ్చారు, ఇప్పుడు డిగ్రీ ఉన్న లైబ్రేరియన్ అంటే చాలు, తల్లులు తలుపులు వేసుకుంటున్నారు. యూనివర్సిటీ అనే మాట ఇక్కడ ఒక రోగం పేరైపోయింది. నా పేజీ ఇంతే.

ఉద్యోగం లేకపోతే ఏం? ఇల్లు ఉంది. వచ్చెయ్. కాఫీకి రా, పోట్లాడు.

ఆరిన్

మాడిసన్
4 ఫిబ్రవరి 2024

ఆరిన్,

క్లిఫర్డ్ రూడ్ నాకు ఉత్తరం రాశాడు. చాలా మర్యాదగా. రెండు పేరాలు వాతావరణం, తరవాత ఈ వాక్యం. "మీ అన్నయ్యగారు రాసినదాన్ని బట్టి, మీరు ఇక్కడ సుఖపడరని, మేమూ మీతో సుఖపడమని అనుకున్నాం."

మీ అన్నయ్యగారు రాసినదాన్ని బట్టి.

నువ్వేం రాశావు? నన్ను రమ్మని నాకు రాసి, వద్దని వాళ్ళకి రాశావా? నేను వచ్చి రెండు వీధుల అవతల ఉంటే ధాన్యం గోదాము దగ్గర నీ కాటా గది స్నేహితుల ముందు నీకు చిన్నతనమా? ముందే చెప్పొచ్చు కదా. నేను ఇల్లు అమ్మకానికి పెట్టాను. లోవెల్ పుస్తకాలు డబ్బాల్లో కట్టేశాను. ఆ కళ్ళజోడు కూడా తీశాను.

నిన్ను అడిగింది ఒక్కటే, ఒక్కసారి మనిషిలా మాట్లాడమని.

నిజం రాయి. రాజకీయం పేజీ అక్కర్లేదు.

ఆర్డిస్

విగ్డాల్
15 ఫిబ్రవరి 2024

ఆర్డిస్,

నీ ఉత్తరం చదివాక ఒళ్ళు మండిపోయింది. నేను బోర్డుకి రాసిన దాని నకలు ఇదిగో జత చేశాను, చదువుకో. "మా చెల్లెలి కంటే నిజాయితీ గల లైబ్రేరియన్ ఈ రాష్ట్రంలో లేదు, ఆమె రాజకీయాలు ఆమెవి, ఆమె పుస్తకాలు అందరివి" అని రాశాను. నా బతుకులో ఇంత సాదా వాక్యం నేనెప్పుడూ రాయలేదు. ఐదుగురి ముందు టోపీ చేతిలో పట్టుకుని నిలబడి చదివాను. ముప్ఫై ఏళ్ళు కాటా గదిలో వాళ్ళందరి ధాన్యం లారీలూ తూచాను, ఎవడి ముందూ అలా నిలబడలేదు.

నీకేమో ఒక్క వాక్యం చాలింది, నేను ద్రోహినైపోయాను. మీ వాళ్ళకి ఇదే జబ్బు. ఓడిపోతే కుట్ర, గెలిస్తే చరిత్ర. పక్కింటివాడు చెయ్యూపితే అవమానం, ఊపకపోతే పక్షపాతం. నువ్వూ అలాగే తయారయ్యావు.

ఒకరి మీద అనుమానపడే ముందు ఒక సంగతి గుర్తు తెచ్చుకో. రెండువేల పదిహేడు జనవరిలో డెలోరిస్ పోయినప్పుడు నేను నీ ఇంటికి ఫోను చేశాను. నువ్వు వాషింగ్టన్‌లో, కొత్త అధ్యక్షుడికి వ్యతిరేకంగా ఆడవాళ్ళు తీసిన ఊరేగింపులో ఉన్నావు. ఊలు టోపీ పెట్టుకుని. అంత్యక్రియలకి రాలేదు, మూడు రోజుల తరవాత వచ్చావు. నేను ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను.

క్లిఫర్డ్ ఏ ఉద్దేశంతో రాశాడో నాకు తెలియదు. ముసలాడు, ఏదో ఒకటి రాస్తాడు. దాన్ని వదిలెయ్.

ఆరిన్

మాడిసన్
12 మార్చి 2024

ఆరిన్,

క్లిఫర్డ్ ఏ ఉద్దేశంతో రాశాడో ఇప్పుడు నాకు తెలుసు. నీకు అప్పుడే తెలుసు.

చిన్నప్పుడు నా పక్క బెంచీ వెర్నా స్కార్‌స్టెన్ నాకొక పొట్లం పంపింది. లైబ్రరీ సంగతి విని బాధపడిందట, నన్ను సంతోషపెడదామనుకుందట. నీ కాలమ్ కత్తిరింపులు. నలభై మూడు. ఏడేళ్ళుగా దాచుకుందట. పైన చీటీ, "ఆర్డిస్, నీ ఓర్పుకి మేమందరం ఆశ్చర్యపోతుంటాం. నీ మీద నువ్వే ఇలా నవ్వుకోవడం ఎంతమందికి చేతనవుతుంది? మీ అన్నాచెల్లెళ్ళు కూడబలుక్కుని రాస్తారని ఊరందరికీ తెలుసు. ఆరిన్ ఎంత పెద్దమనిషి, నిన్ను అడగకుండా ఒక్క ముక్క రాయడు కదా."

అడగకుండా రాయడు. ఊరంతా అలా అనుకుంది. ఎందుకంటే మనవైపు ఎవరూ సొంత చెల్లెల్ని అడగకుండా పేపరుకెక్కించరు. ఎవరూ నన్ను అడగలేదు, ఎందుకంటే మనవైపు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

పండితమ్మ. నీ కాలమ్‌లో నాకు పెట్టిన పేరు బాగుంది. పండితమ్మ పెరట్లో కంపోస్టు గుంటకి దండం పెడుతుంది. పండితమ్మ ఊరేగింపుకెళ్ళి తప్పిపోతే పోలీసులు ఇంటికి తెస్తారు, అదే పోలీసుల్ని తీసేయాలని అట్ట పట్టుకుని వెళ్ళింది. ఇది నిజమే, నేనే నీకు రాశాను, నవ్వుతావని. మొదట్లో నేనూ నవ్వాను. నువ్వు బాగా రాస్తావు, ఆరిన్. అదే బాధ. పదో కత్తిరింపు దాకా నవ్వాను. ముప్ఫయ్యో దానికి వచ్చేసరికి, ఆ ఊళ్ళో ఒక తల్లి తన పిల్లని ఈ మనిషి ఉన్న గదిలోకి ఎందుకు పంపుతుందని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. క్లిఫర్డ్‌ది తప్పు కాదు. నన్నడిగినా ఆ పండితమ్మకి ఉద్యోగం ఇచ్చేదాన్ని కాదు.

నువ్వు ఏడేళ్ళు రాసినదాన్ని ఒక ఉత్తరంతో చెరిపేద్దామనుకున్నావు. టోపీ చేతిలో పట్టుకుని.

ఇక నలభై ఒకటోది. 15 నవంబరు. "పండితమ్మ మొగుడి ఆఖరి పాపనివేదన." ఆసుపత్రికి పాటల పిల్ల వస్తుంది, ఆదివాసుల కాగితం చదువుతుంది. పండితమ్మ మొగుడు ముక్కు గొట్టం పీకేసి, మంచం మీద మోకరిల్లి, వణుకుతూ జాతికి క్షమాపణ చెప్తాడు. కాగితాలు సరిపోక ఇంకో రెండు తెప్పించుకుంటాడు. క్షమాపణ పూర్తి కాకుండానే పోతాడు.

లోవెల్ అలా పోలేదు.

నవంబరు 2న నీకు రాశాను. 15న అచ్చయింది. 20న నువ్వు నాకు "వంటగదిలో ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను" అని రాశావు. అప్పటికి ఊరంతా ఐదు రోజులుగా నవ్వుతోంది.

అది మా ఆయన ఆఖరి నవ్వు. నా దగ్గర అదొక్కటే ఉంది, నీకిచ్చాను. నువ్వు దాన్ని వాడుకోవడమే కాదు, మార్చేశావు. ఎందుకు మార్చావు? వేరేవేవీ నాకు చెప్పక్కర్లేదు. ఇది చెప్పు.

ఆర్డిస్

విగ్డాల్
2 ఏప్రిల్ 2024

ఆర్డిస్,

మూడు వారాలు పట్టింది. ఐదు ఉత్తరాలు రాసి చింపాను. అన్నిట్లో నేను గెలిచాను, అందుకే చింపాను.

పండితమ్మ పుట్టింది డెలోరిస్ అంత్యక్రియల వారమే. చర్చి కింది గదిలో ఆడవాళ్ళు హామ్ శాండ్‌విచ్‌లు పెడుతున్నారు, అందరూ "ఆర్డిస్ ఎక్కడ?" అని అడగకుండా అడుగుతున్నారు. టీవీలో ఊరేగింపు. ఆ రోజు పేపరుకి కాలమ్ పంపాల్సిన రోజు. కోపంతో రాశాను. జనం నవ్వారు. పెళ్ళాం పోయిన మనిషిని చూసి ఏం మాట్లాడాలో తెలియక తప్పుకుపోయేవాళ్ళు, కాఫీ హోటల్లో నా పక్కన వచ్చి కూర్చుని "పండితమ్మ ఈ వారం ఏం చేసింది?" అని అడిగారు. ఆ తరవాత కోపం పోయింది, అలవాటు మిగిలింది. నీ ఉత్తరం వచ్చిన వారం నాకు పండగే. చెల్లెలి ఉత్తరమని కొంత, కాలమ్ దొరికిందని కొంత. ఏది ఎంతో తూచమంటే తూచలేను.

బావ మాట ఎందుకు మార్చాను? చెప్తాను. ఆ మాట నేను ఏడేళ్ళలో రాసినవాటన్నిటికంటే బాగుంది. మా వాళ్ళు అనాల్సిన మాట అది. నేను అనాల్సింది. మీ వైపు మనిషి, చచ్చిపోతూ, ఒక్క ఊపిరిలో అనేశాడు. అది అలాగే రాస్తే మీ వాళ్ళకీ నవ్వడం వచ్చని ఒప్పుకోవాలి. అప్పుడు పండితమ్మ ఎక్కడుంటుంది, నేనెక్కడుంటాను? అందుకే వాణ్ణి మోకాళ్ళ మీద కూర్చోబెట్టాను. అసూయ, ఆర్డిస్. చనిపోయిన మనిషి మీద అసూయ. దీనికి వేరే మంచి పేరు లేదు.

రాసేటప్పుడు ఇది తప్పని తెలుసు. అచ్చయ్యాక కూడా తెలుసు.

పోయిన వారం మొత్తం నిజం కాలమ్‌లో రాసేశాను. కత్తిరింపు పంపుతున్నాను. పండితమ్మ లేదని, మా చెల్లెలు ఉందని, ఆమెకి ఏమీ తెలియదని, ఆమె ఉత్తరాలు దొంగిలించానని రాశాను. లోవెల్ ఏమన్నాడో అక్షరం మార్చకుండా రాశాను. బోర్డు ఇంకోసారి ఆలోచించాలని అడిగాను. ఒక్క జోకు లేదు, వెతుక్కో.

గురువారం కాఫీ హోటల్‌కి వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టగానే చప్పట్లు. క్లిఫర్డ్ కళ్ళు తుడుచుకుంటున్నాడు, నవ్వి నవ్వి. "ఇన్నేళ్ళలో ఇదే బెస్టు. ఇప్పుడు పండితమ్మ నీ చేత కూడా క్షమాపణ చెప్పించిందన్నమాట" అన్నాడు. మంచం ఖాళీ చేసే మాట నేను కల్పించిందట, భలే ఉందట. నేను టోపీ తీసి, ఇది నిజం, ఇది జోకు కాదు అన్నాను. ఇంకా నవ్వారు. నోరు నొక్కుకుని నవ్విందెవరో తెలుసా, మన పాస్టరు. మూడోసారి చెప్పాను. నా గొంతు వణికింది. ఆ వణుకు కూడా బాగా పెట్టానని మెచ్చుకున్నారు. వెర్నా ఒక్కతే నవ్వలేదు. కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్ళిపోయింది.

ముప్ఫై ఏళ్ళు లారీల తూకం తప్పని మనిషినని నన్ను నమ్మారు. ఒక్క నిజం చెప్తే నమ్మేవాడు లేడు.

నువ్వు ఇక్కడికి రా. వచ్చి నా పక్కన నిలబడితే నమ్ముతారు. ఉద్యోగం కోసం కాదు. నేను అడుగుతున్నాను.

నీ అన్న,
ఆరిన్

మాడిసన్
20 ఏప్రిల్ 2024

ఆరిన్,

నీ కత్తిరింపు చదివాను. లోవెల్ మాట సరిగ్గా రాశావు. డెలోరిస్ అంత్యక్రియల విషయంలో నీ మాట నిజం, నేను రావాల్సింది. ఇవి రెండూ ఒప్పుకున్నాను.

నేను వచ్చి నీ పక్కన నిలబడితే నమ్ముతారన్నావు. నమ్మరు. పండితమ్మ వచ్చిందని నవ్వుతారు. నేను ఆ ఊళ్ళో రొట్టె కొన్నా, చర్చిలో తుమ్మినా, నోరు విప్పక ముందే నవ్వుతారు. నాకు ఊరొకటి ఉండేది. దాన్ని నువ్వు చాలా బాగా రాశావు.

ఇక రాజకీయం. ఈ నెల మీ వాళ్ళూ మా వాళ్ళూ కలిసి మళ్ళీ దేశాన్ని రక్షించారు. ఎవరి నుంచో చెప్పలేదు. నవంబరులో మనం ఎన్నుకోబోయే ఇద్దరు ముసలాళ్ళలో ఒకాయనకి తాను ఎక్కడున్నాడో గుర్తుండదు, ఇంకొకాయనకి తాను తప్ప ఇంకెవరున్నారో గుర్తుండదు. మా వీధిలో ఒకావిడ తన పచ్చిక మీద "ద్వేషానికి ఈ ఇంట్లో చోటు లేదు" అని బోర్డు పెట్టింది. ఆ బోర్డు మీద పక్కింటి కుక్క కాలెత్తిందని ఆ పక్కింటివాళ్ళతో ఆరు నెలలుగా మాట్లాడటం లేదు. మా యూనివర్సిటీలో పిల్లలు నిరసనగా లైబ్రరీ ముందు గుడారాలు వేద్దామనుకుంటున్నారు, లోపలికి రావడం మాత్రం ఎవరికీ తోచలేదు. ఆదివాసుల కాగితం ఇప్పుడు మా ఆహార సహకార సంఘం సమావేశాల్లో కూడా చదువుతున్నారు. చదివాక నేల తిరిగిచ్చే సంగతి ఎజెండాలో లేదు, టమాటాల సంగతి ఉంది.

చూశావా, నాకూ వచ్చు. కాలమ్‌కి పనికొస్తుంది. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, వాడుకో.

పేజీ నిండింది. రూలు మనిద్దరం పెట్టుకున్నదే, నేను తప్పను. నెలకోసారి నీకు ఈ ఒక్క పేజీ వస్తుంది. రెండో పేజీ, మూడో పేజీ ఇకమీదట రావు. మనుషుల సంగతి నీ చేతికివ్వను.

నాకు జవాబు రాయాలనిపిస్తే పేపర్లోనే రాయి. వెర్నా కత్తిరించి పంపుతుంది, ఆమెకి నా కొత్త చిరునామా తెలుసు. ఈ ఇల్లు అమ్ముడైపోయింది. ఎక్కడికి వెళ్తున్నానన్నది రెండో పేజీ సంగతి.

ఇట్లు,
పండితమ్మ